ప్రాణం దక్కిన బిడ్డకు వినికిడీ దక్కాలి

బిడ్డ పుట్టగానే చెవిలో అజాన్ వినిపించడం మన ఇళ్లలో ఆనవాయితీ. ఆ బిడ్డను పుట్టీపుట్టగానే ఎన్‌ఐసీయూకి తరలించాల్సి వస్తే ఇంటిల్లిపాదీ కోరుకునేది ఒక్కటే, ప్రాణం దక్కాలని. అలాంటి పేద కుటుంబాలకు ఆసుపత్రి బిల్లు దగ్గర దాతలు అండగా నిలుస్తారు. బిల్లు కట్టేశాక కూడా మిగిలిపోయే ఒక చిన్న పని గురించి ఇక్కడ చెప్పదలచుకున్నాం. అది వినికిడి పరీక్ష.

ఆరోగ్యంగా పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 1 నుంచి 3 మంది శిశువులకు శాశ్వత వినికిడి లోపం ఉంటుంది. ఎన్‌ఐసీయూలో ఉండి వచ్చిన పిల్లల్లో నూటికి 2 నుంచి 4 మందికి ఉండవచ్చని వైద్యుల అంచనా. ఇంత తేడా ఎందుకు?

నెలలు నిండకుండా, ముఖ్యంగా 1500 గ్రాముల కన్నా తక్కువ బరువుతో పుట్టిన బిడ్డలో అవయవాలన్నీ సున్నితంగా ఉంటాయి. పుట్టగానే ఏడవని బిడ్డకు ఆక్సిజన్ అందక లోపలి చెవి, వినికిడి నాడి దెబ్బతినవచ్చు. వెంటిలేటర్ మీద ఉన్న పిల్లలకూ, ఎన్‌ఐసీయూలో 5 రోజులకు మించి ఉన్న పిల్లలకూ ముప్పు ఎక్కువ. పచ్చకామెర్లు రక్తం మార్చాల్సినంత ముదిరితే, ఆ పసుపు పదార్థం మెదడుకు చేరి వినికిడి మార్గాన్ని దెబ్బతీస్తుంది. మెదడు పొరలకు సోకే మెనింజైటిస్ కూడా చెవులను బలి తీసుకోగలదు.

మందుల సంగతీ చెప్పాలి. జెంటామైసిన్, అమికాసిన్ వంటి ఇంజెక్షన్లు ఇన్ఫెక్షన్ నుంచి ప్రాణం కాపాడతాయి. కానీ ఎక్కువ రోజులు వాడితే లోపలి చెవిలోని సూక్ష్మ కణాలు చనిపోవచ్చు. అవి తిరిగి పుట్టవు. అలాగని భయపడి మందు వద్దనకూడదు. తల్లి తరఫు బంధువుల్లో ఎవరికైనా ఇలాంటి ఇంజెక్షన్ల తర్వాత చెవుడు వచ్చి ఉంటే ఆ మాట మాత్రం డాక్టరుకు ముందే చెప్పాలి.

కొన్ని కారణాలు కాన్పుకు ముందువి. గర్భిణికి రుబెల్లా, సైటోమెగాలో వైరస్ సోకడం, వంశంలో పుట్టు చెవుడు ఉండటం అలాంటివే. మన తెలుగు నేలపై అన్ని మతాల వారిలోనూ కనిపించే మేనరికాలు, దగ్గరి సంబంధాలు ఈ ముప్పును పెంచుతాయి. రుబెల్లాకు టీకా ఉంది. అది గర్భం రాకముందే వేయించుకోవాలి.

ఏ పరీక్ష చేయించాలన్నదీ ముఖ్యమే. ఓఏఈ పరీక్ష లోపలి చెవి పనితీరును చూస్తుంది. బెరా పరీక్ష శబ్దం నాడి గుండా మెదడు దాకా చేరుతోందా అని చూస్తుంది. ఎన్‌ఐసీయూ పిల్లల్లో కొందరికి చెవి బాగానే ఉండి నాడి మార్గంలో లోపం ఉంటుంది. ఓఏఈ ఒక్కటే చేస్తే ఆ లోపం బయటపడదు. కాబట్టి వీరికి బెరా తరహా పరీక్ష తప్పనిసరి. బిడ్డ నిద్రపోతుండగా చేస్తారు, నొప్పి ఉండదు.

నెల లోపు పరీక్ష, 3 నెలల లోపు నిర్ధారణ, 6 నెలల లోపు చికిత్స జరగాలన్నది వైద్యులు పాటించే లెక్క. ఈ గడువులోగా వినికిడి యంత్రం అమర్చి, మాటల శిక్షణ మొదలుపెడితే చాలామంది పిల్లలకు మాటలు బాగా వస్తాయి. తలుపు చప్పుడుకు ఉలిక్కిపడుతున్నాడు కదా, మా ఇంట్లో అందరికీ మాటలు ఆలస్యమే కదా అని సరిపెట్టుకుంటే విలువైన కాలం జారిపోతుంది. కొందరిలో లోపం ఆలస్యంగా బయటపడుతుంది. అందుకే మొదటి పరీక్షలో బాగుందన్నా, ముప్పు ఉన్న బిడ్డకు 9 నెలల లోపు మరోసారి పరీక్ష చేయించాలి.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా సత్వర చికిత్స కేంద్రాల్లో ఇలాంటి పిల్లలకు ఉచిత సేవలు ఉన్నాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకంలో చిన్నపిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ శస్త్రచికిత్స కూడా చేరింది. దానికి వయసు పరిమితి ఉంది గనుక ఆలస్యం చేస్తే ఆ అవకాశమూ పోతుంది.

మరి దాతల అవసరం ఎక్కడ? జిల్లా కేంద్రానికి పదేపదే తిరిగే బస్సు చార్జీలో, ఆ రోజు పోయే కూలిలో, యంత్రం బ్యాటరీల్లో, బిడ్డ చెవి పెరిగినప్పుడల్లా మార్చాల్సిన అచ్చుల్లో ఉంది. ఇవి చిన్న మొత్తాలే, కానీ ఏళ్ల తరబడి కావాలి. ఇవి అందకే చాలామంది తల్లిదండ్రులు మధ్యలో ఆగిపోతారు.

అందుకే దాతలకు మా విన్నపం ఇది. ఎన్‌ఐసీయూ బిల్లుకు సాయం చేసేటప్పుడు డిశ్చార్జి కాగితం చూపించమనండి. వినికిడి పరీక్ష జరిగిందా, ఏ పరీక్ష చేశారు, మళ్లీ ఎప్పుడు రమ్మన్నారు అని అడగండి. జవాబు లేకపోతే ఆ పరీక్ష అయ్యే దాకా ఆ కుటుంబానికి తోడుండండి.