అంకుడు కర్ర బొమ్మకు ఆన్‌లైన్ అంగడి

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డునున్న ఏటికొప్పాకలో మెత్తని అంకుడు కర్రకు సహజ రంగులు కలిపిన లక్క పూసి చేసే బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు, అంటే ఇతర ప్రాంతాలవారు ఆ పేరుతో సరుకు అమ్ముకోకుండా కాపాడే చట్టబద్ధమైన రక్షణ, లభించింది. అటువంటి బొమ్మలు చేసే కుటుంబం సొంత ఆన్‌లైన్ దుకాణం తెరవడానికి నేడు గొప్ప సాంకేతిక పరిజ్ఞానం అక్కరలేదు. ఫొటో, కొలతలు, ధర చూపే పేజీ, దానికి జోడించిన పేమెంట్ గేట్‌వే, అనగా కొనుగోలుదారు యూపీఐ ద్వారానో కార్డుతోనో చెల్లించిన సొమ్మును అమ్మకందారు ఖాతాకు చేర్చే మధ్యవర్తి సేవ, ఉంటే పని మొదలవుతుంది.

అసలు చిక్కు రవాణాలో ఉంది. కొరియర్ సంస్థలు చాలావరకు పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి, సాధారణంగా 5000తో భాగించి, అలా వచ్చిన ‘పరిమాణ బరువు’, అసలు బరువులలో ఏది ఎక్కువైతే దానికే రుసుము తీసుకుంటాయి గనుక, 30, 20, 15 సెంటీమీటర్ల పెట్టెలో అరకిలో బొమ్మను పంపినా 1.8 కిలోల లెక్కన చెల్లించవలసి వస్తుంది. బొమ్మపై మిగలవలసిన లాభం పెట్టెలోని గాలికి పోతుందన్నమాట! అందుచేత ధరకంటే ముందు పెట్టెను నిర్ణయించుకోవడమే తెలివైన పని. చేతిపనిలో రంగు కొంత అటూఇటూ కావడం సహజమే అయినా, ఆ సంగతినీ, వాపసు షరతులనూ, అన్ని ఛార్జీలూ కలిసిన మొత్తం ధరనూ కొనేవారికి ముందే తెలపాలి. వీటిలో చివరి రెండింటినీ 2020 నాటి వినియోగదారుల రక్షణ ఇ-కామర్స్ నిబంధనలు తప్పనిసరి చేశాయి.