గుమ్మటం: పదం పుట్టుక, అర్థం

చార్మినార్ మినార్ల మీద, గోల్కొండ సమాధుల మీద బోర్లించిన గిన్నెలా కనిపించే కట్టడాన్ని తెలుగులో గుమ్మటం అంటాం. ఒక తరగతిలో ఓ విద్యార్థిని ‘గుమ్మడికాయలా ఉంటుంది కనుక గుమ్మటమా?’ అని అడిగింది. ఊహ ముచ్చటైనదే కాని వ్యుత్పత్తి అది కాదు.

ఈ పదానికి మూలం పారశీకం. అక్కడ ‘గున్బద్’ అని రాసి ‘గుంబద్’ అని పలుకుతారు. ‘గుంబజ్’ దాని మరో రూపం. మరాఠీలో అది ‘ఘుమట్’, కన్నడంలో ‘గుమ్మట’ అయింది. మన నోట ‘ంబ’ కాస్తా ‘మ్మ’గా, ‘ద’ ‘ట’గా మారి, చివర ‘అం’ చేరింది. కమాను, మినారు అనే మాటలు కూడా ఇలా బయటినుంచి వచ్చి మనవైనవే.

అర్థం విషయంలో మీరు కాస్త జాగ్రత్తగా ఉండాలి. గుంబద్ అంటే కప్పు మాత్రమే కాదు, ఆ కప్పు ఉన్న సమాధి కూడా. ఇరాన్‌లో 1006-07లో జియారీ పాలకుడు కాబూస్ కోసం కట్టిన ‘గుంబద్-ఎ కాబూస్’ 50 మీటర్లకు పైగా ఎత్తున్న ఇటుక గోపురం. దాని కప్పు శంకువులా మొనదేలి ఉంటుంది, గుండ్రంగా ఉండదు. అయినా అది గుంబదే! గోల్కొండ దగ్గరి కుతుబ్‌షాహీ సమాధులను హైదరాబాదువాసులు ‘సాత్ గుంబద్’ అనడంలోనూ ఈ రెండో అర్థమే ఉంది. తెలుగు మాత్రం కప్పు అనే అర్థాన్నే నిలుపుకుంది.

ఇక నిర్మాణం సంగతి. గది చతురస్రం, గుమ్మటం అంచు వృత్తం. రెంటినీ కలపడమే అసలు చిక్కు. సాసానీయుల కాలంలో, క్రీ.శ. 3వ శతాబ్దపు ఫిరూజాబాద్ రాజభవనంలో, గది మూలల్లో అడ్డంగా చిన్న కమానులు కట్టి దీన్ని పరిష్కరించారు. అప్పుడు చతురస్రం అష్టకోణానికి దగ్గరవుతుంది, దానిమీద వృత్తం నిలుస్తుంది. బీజాపూర్ గోల్ గుంబజ్‌లో (1656) ఒకదాన్నొకటి ఖండించుకునే ఎనిమిది కమానులు ఆ పని చేస్తాయి. లోపలి వ్యాసం సుమారు 38 మీటర్లు, మధ్యలో ఒక్క స్తంభమూ లేదు.

జవాబు పత్రాల్లో నాకు తరచు కనబడిన పొరపాటు ఒకటుంది. అమరావతి, సాంచీ స్తూపాల అండాన్ని ‘గుమ్మటం’ అని రాసేస్తారు. బయటి ఆకారం చూస్తే తప్పనిపించదు. కాని అండం లోపల మట్టితో, ఇటుకతో, రాతితో నిండిన దిబ్బ. దాని చుట్టూ ప్రదక్షిణం చేస్తారే గాని లోపలికి వెళ్లరు. గుమ్మటం కింద ఖాళీ ఉంటుంది, మనిషి నిలబడతాడు. స్తూపం గురించి రాసేటప్పుడు ‘అండం’ అనే రాయండి.