పేతురు సమాధి దగ్గరికి దారి

కతోలిక మేత్రాణులు ఐదేళ్లకోసారి రోమ్ వెళ్లాలన్నది శ్రీసభ చట్టం. పోపుగారిని కలిసి తమ మేత్రాసనం సంగతులు చెప్పుకోవాలి. పునీత పేతురు, పునీత పౌలుల సమాధుల దగ్గర మోకరించాలి. గుంటూరు మేత్రాణులకైనా, బ్రెజిల్ మేత్రాణులకైనా ఈ రెండూ తప్పవు. మామూలు విశ్వాసులు కూడా తొలి శతాబ్దాల నుంచి అక్కడికి వెళ్తున్నది ఈ సమాధుల కోసమే. రోమ్ యాత్ర అంటే మొదటి నుంచీ సమాధుల యాత్ర. ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే ఎక్కడికి వెళ్లాలో, దేన్ని వదిలేయాలో సగం అక్కడే తేలిపోతుంది.

మన దగ్గర అమ్మే ప్యాకేజీలు మాత్రం ఇంకోలా ఉంటాయి. పది పన్నెండు రోజుల్లో లూర్దు, ఫాతిమా, పారిస్, వెనిస్ అన్నీ చుట్టేసి, చివర్లో రోమ్‌కి ఒకటిన్నర రోజు మిగులుస్తారు. అందులోనే కొలోసియం, ట్రెవి ఫౌంటెన్, షాపింగ్. పేతురు సమాధి మీద కట్టిన మహాదేవాలయానికి దక్కేది గంటో, గంటన్నరో. పౌలు సమాధి చాలా ప్యాకేజీల్లో ఉండనే ఉండదు. అంత డబ్బు పోసి, అంత దూరం వెళ్లి, ఇద్దరు అపోస్తలుల్లో ఒకరిని చూడకుండా తిరిగి రావడాన్ని యాత్ర అనడానికి నాకు నోరు రాదు. రోమ్‌కి కనీసం నాలుగు రాత్రులు, వీలైతే ఐదు కేటాయించాలి. దానికోసం ఒక దేశం తగ్గినా నష్టం లేదు.

ముందు పేతురు సంగతి. ఈనాటి సెయింట్ పీటర్స్ బసిలికాకు 1506లో పునాది రాయి వేశారు, 1626లో ప్రతిష్ఠ చేశారు. దానికి ముందు అదే చోట నాలుగో శతాబ్దంలో కాన్‌స్టాంటైన్ చక్రవర్తి కట్టించిన దేవాలయం ఉండేది. ఆయన ఎంచుకున్న స్థలం గుడి కట్టడానికి ఏ మాత్రం అనువైనది కాదు. వాటికన్ గుట్ట వాలు, పైగా అది అప్పటికింకా వాడుకలో ఉన్న శ్మశానం. గుట్టను ఒకవైపు తొలిచి, ఇంకోవైపు సమాధులను మట్టితో పూడ్చి, నేల చదును చేసి మరీ కట్టారు. అంత తిప్పలు పడింది ఒక్క సమాధి సరిగ్గా పీఠం కింద ఉండాలని. 1940ల్లో పన్నెండో పయస్ పోపు హయాంలో తవ్వితే ఆ శ్మశానం వీధులతో సహా బయటపడింది. నేరుగా పీఠం కింద రెండో శతాబ్దపు చిన్న స్మారకం దొరికింది. అక్కడ దొరికిన ఎముకలు పేతురువేనని నమ్మడానికి తగిన ఆధారాలున్నాయని ఆరో పౌలు పోపు 1968లో ప్రకటించారు. పురాతత్వ పండితుల్లో అందరూ దీనికి ఒప్పుకోలేదు. ఎముకల మాట ఎలా ఉన్నా, విశ్వాసులు రెండో శతాబ్దం నుంచీ ఈ చోటునే పేతురు సమాధిగా గౌరవిస్తూ వచ్చారన్నది గట్టి మాట.

ఈ కింది శ్మశానాన్ని మనమూ చూడొచ్చు. వాటికన్ తవ్వకాల కార్యాలయానికి ముందుగా రాసి అనుమతి అడగాలి. చిన్న చిన్న గుంపులుగా గైడు వెంట తీసుకెళ్తారు. రోజుకు దాదాపు 250 మందినే పంపుతారు, చిన్నపిల్లలను రానివ్వరు. తేదీలు ఖరారు కాగానే, హోటలు కంటే ముందు, ఈ ఉత్తరం రాయాలి. ఇక్కడ ఆలస్యం చేసినవాళ్లకు తర్వాత ఎంత డబ్బు పెట్టినా చోటు దొరకదు. అది దొరక్కపోయినా బసిలికా ప్రవేశం ఉచితమే. పోపుల సమాధులున్న కింది మండపంలోకి కూడా టికెట్ లేదు. ఉన్నదల్లా భద్రతా తనిఖీ క్యూ. పొద్దున ఏడున్నరకల్లా బసిలికా ముందున్న చౌకులో ఉంటే ఆ క్యూ పెద్ద లెక్కలోది కాదు, పదింటికి వెళ్తే ఎండలో గంటల తరబడి నిలబడాలి.

పౌలు సమాధి పాత నగర గోడలకు బయట, దక్షిణాన ఉంటుంది. మెట్రో బి లైనులో బసిలికా సాన్ పావోలో అనే స్టేషన్ ఉంది. అక్కడ దిగి నడిస్తే కొద్ది నిమిషాలు. పాత దేవాలయం 1823లో కాలిపోయింది. ఇప్పుడున్నది ఆ రూపంలోనే మళ్లీ కట్టి 1854లో ప్రతిష్ఠించినది. పీఠం కింద రాతి శవపేటిక బయటికి కనబడేలా ఉంచారు. దానికి చిన్న రంధ్రం వేసి తీసిన ఎముక ముక్కలు ఒకటి, రెండు శతాబ్దాల నాటివని పరీక్షల్లో తేలిందని 2009లో పదహారో బెనెడిక్ట్ పోపు చెప్పారు. గోడల పైన పేతురు దగ్గర్నుంచి నేటి వరకూ పోపులందరి ముఖచిత్రాలు గుండ్రటి పలకల్లో వరుసగా ఉంటాయి. సెయింట్ పీటర్స్‌లో ఉండే తొక్కిసలాటలో పదో వంతు కూడా ఇక్కడుండదు. కూర్చుని జపమాల మొత్తం చెప్పుకోవచ్చు.

పదహారో శతాబ్దంలో పునీత ఫిలిప్ నేరి రోమ్ యువకులను వెంటేసుకుని ఏడు దేవాలయాలు కాలినడకన తిరిగేవారు. పేతురు, పౌలు, లాతరాన్ యోహాను, మరియ మాత మహాదేవాలయం, పవిత్ర సిలువ, నగర గోడల బయటి లారెన్స్, సెబాస్టియన్. మొత్తం ఇరవై కిలోమీటర్లకు పైమాటే. దారిలో పాటలు, ప్రార్థనలు, మధ్యలో ఒక తోటలో భోజనం. కార్నివాల్ గోలకు పోటీగా ఆయన పెట్టిన ఈ నడక నేటికీ ఉంది. మోకాళ్లు బాగున్న యువకులు ఒక్క రోజులో చేయొచ్చు. మిగతావాళ్లు మూడు రోజులకు పంచుకోవడం మేలు.

పంచుకోవడానికి నగరమే సాయం చేస్తుంది. రోమ్ వీధుల్లో కొన్ని తిన్నగా ఉంటాయి కదా, అవి యాత్రికుల కోసం వేసినవి. 1575 జూబిలీ కోసం పదమూడో గ్రెగరీ పోపు మరియ మాత దేవాలయం నుంచి లాతరాన్ దాకా వియా మెరులానా వీధిని తిన్నగా చేయించారు. పదేళ్ల తర్వాత వచ్చిన ఐదో సిక్స్‌టస్ పోపు ఆ పనిని ఇంకా ముందుకు తీసుకెళ్లి, పవిత్ర సిలువ దేవాలయాన్ని మరియ మాత దేవాలయంతో నేరుగా కలిపారు. దేవాలయాల ముందు ఈజిప్టు రాతి స్తంభాలు నిలబెట్టించారు. దూరం నుంచి స్తంభం కనబడితే చాలు, దారి అడగనక్కర్లేదు. సెయింట్ పీటర్స్ ముందుకు 1586లో జరిపిన స్తంభం అంతకుముందు పక్కనే నీరో కాలపు పందేల మైదానంలో ఉండేది. పేతురును చంపింది ఆ చుట్టుపక్కలే అని సంప్రదాయం.

కాబట్టి ఒక పూటంతా తూర్పు వైపు దేవాలయాలకు ఇవ్వొచ్చు. మరియ మాత దేవాలయంలో మొదలుపెట్టండి. ఐదో శతాబ్దపు మొజాయిక్‌లు, బెత్లెహేము తొట్టి చెక్కలుగా గౌరవించే అవశేషాలు అక్కడున్నాయి. పోప్ ఫ్రాన్సిస్ తన ప్రతి విదేశీ పర్యటనకు ముందూ తర్వాతా ఇక్కడి మరియ మాత పటం ముందు ప్రార్థించేవారు. 2025 ఏప్రిల్ 26న ఆయన్ను ఇక్కడే సమాధి చేశారు. రాతి మీద ఆయన పేరు లాటిన్‌లో, అంతే, ఇంకేమీ లేదు. అక్కడినుంచి వియా మెరులానా వెంట నడిస్తే లాతరాన్. పోపుగారి సొంత మేత్రాసన దేవాలయం ఇదే, సెయింట్ పీటర్స్ కాదు. మనవాళ్లలో చాలామందికి ఇది వింతగా ఉంటుంది. పోపు అంటే ముందు రోమ్ మేత్రాణి, ఆయన పీఠం లాతరాన్‌లో ఉంది. ఎదురుగా ఉన్న పవిత్ర మెట్లు 28. యేసు పిలాతు ముందుకు ఎక్కి వెళ్లిన మెట్లని సంప్రదాయం. వాటిని మోకాళ్లతోనే ఎక్కాలి. అలా ఎక్కలేనివాళ్లకు పక్కన మామూలు మెట్లు ఉన్నాయి, పెద్దవాళ్లు మొహమాటపడకుండా అవే ఎక్కవచ్చు. అక్కడికి కిలోమీటరు దూరంలో పవిత్ర సిలువ దేవాలయం.

సెబాస్టియన్ దేవాలయం ఆపియా అనే పాత రోమన్ రహదారి మీద ఉంది. అదే దారిలో భూగర్భ సమాధులు, అంటే కాటకోంబులు. కలిస్టస్ కాటకోంబులో మూడో శతాబ్దపు పోపుల సమాధి గది ఉంది. మే నెల ఎండలోనూ లోపల చల్లగా ఉంటుంది, పెద్దవాళ్లకు ఒక శాలువా పట్టుకెళ్లండి. గైడు లేకుండా లోపలికి పంపరు. అనుమతి తీసుకుంటే మన గురువులతో అక్కడే దివ్య బలిపూజ చేయించుకోవచ్చు.

ఇక వారాల లెక్క. రోమ్ విషయంలో నెల కంటే వారమే ముఖ్యం. పోపుగారు రోమ్‌లో ఉంటే బుధవారం పొద్దున సామాన్య దర్శనం ఉంటుంది. దీనికి టికెట్ ఉచితం. ఎవరైనా డబ్బు అడిగితే అది మోసమో, సర్వీసు చార్జీయో అయి ఉంటుంది. దర్శనం చౌకులో జరిగే బుధవారం మధ్యాహ్నం దాకా బసిలికా మూసి ఉంటుంది. కలిస్టస్ కాటకోంబు కూడా బుధవారం సెలవు. ఆదివారం మధ్యాహ్నం పన్నెండింటికి పోపుగారు కిటికీలోంచి త్రికాల జపం చెబుతారు, దానికి టికెట్టే లేదు. వాటికన్ మ్యూజియం ఆదివారం మూత. నెలలో చివరి ఆదివారం మాత్రం ఉచితంగా తెరుస్తారు, ఆ రోజు జనం చూస్తే వెళ్లకపోవడమే నయమనిపిస్తుంది. చిన్న దేవాలయాలు మధ్యాహ్నం పన్నెండున్నర ప్రాంతంలో మూసి మూడున్నరకో నాలుగింటికో తీస్తారు. పెద్దవి నాలుగూ, అంటే పేతురు, పౌలు, లాతరాన్, మరియ మాత, పగలంతా తెరిచే ఉంటాయి. ఈ తేడా తెలియక మధ్యాహ్నాలు వృథా చేసుకునేవాళ్లు ఎందరో.

కొత్తగా పెళ్లయిన జంటలకు బుధవారం దర్శనంలో వేరే చోటు కేటాయిస్తారు. పెళ్లిబట్టల్లో వెళ్లాలి, దేవాలయంలో పెళ్లయినట్టు పత్రం వెంట ఉండాలి. పట్టుచీరలో వెళ్లినా అది పెళ్లిబట్టే.

ఏ నెలలో వెళ్లాలన్నది రెండో ప్రశ్న. జులైలో సామాన్య దర్శనాలు మామూలుగా ఉండవు. ఆగస్టు ఎండ మనకు కొత్త కాదు గానీ ఊళ్లో సగం కొట్లు మూసేస్తారు. పిల్లల వేసవి సెలవులకు మే సరిపోతుంది, పొద్దు కూడా ఎనిమిది దాకా ఉంటుంది. నన్నడిగితే తపఃకాలం ఇంకా మంచిది. ఆ నలభై రోజుల్లో రోజుకో పాత దేవాలయంలో పూజ జరిపే ఆచారం తొలి శతాబ్దాల నుంచి ఉంది. రోమ్‌లో చదివే అమెరికా గురువిద్యార్థుల కళాశాలవాళ్లు ఆ దేవాలయాల్లోనే పొద్దున ఏడింటికి ఇంగ్లీషులో పూజ పెడతారు. టూరిస్టులు ఇంకా నిద్ర లేవని వేళ, పదిహేను వందల ఏళ్ల గుళ్లో పూజ. దీనికి ముందస్తు బుకింగ్ ఏమీ లేదు.

2025 జూబిలీ 2026 జనవరి 6న పవిత్ర ద్వారం మూయడంతో ముగిసింది. ఇప్పుడు ఆ తలుపులు మూసే ఉంటాయి. ఎవరైనా ఇంకా పవిత్ర ద్వారం పేరు చెప్పి టూర్ అమ్మితే గట్టిగా నిలదీయండి.

వాటికన్‌కు వేరే వీసా లేదు. ఇటలీ ఇచ్చే షెంగెన్ వీసాయే చాలు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టొచ్చు, పదిహేను రోజుల లోపల పెడితే తీసుకోరు. పెద్దవాళ్లకు రుసుము 90 యూరోలు, ఏజెంటు చార్జీలు అదనం. కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. పాస్‌పోర్టుకు తిరిగొచ్చాక కూడా మూడు నెలల గడువు మిగలాలి. మఠాల అతిథి గృహాలు హోటళ్ల కంటే చౌక, శుభ్రం. కాకపోతే కొన్నిచోట్ల రాత్రి ఫలానా వేళకు గేటు వేసేస్తారు. అడిగి తెలుసుకోవాలి. బస ఎక్కడున్నా మనిషికి రాత్రికింత అని నగర పన్ను విడిగా కట్టాలి. వీధుల్లో కొళాయి నీళ్లు నిరంతరం పారుతుంటాయి, నిక్షేపంగా తాగొచ్చు. ప్రధాన రైల్వే స్టేషన్ నుంచి వాటికన్‌కు పోయే 64 నంబరు బస్సులో మాత్రం పర్సు చేత్తో పట్టుకుని నిలబడండి, జేబుదొంగలకు అది పేరుపడ్డ బస్సు. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు లేకపోతే దేవాలయాల్లోకి రానివ్వరు. మనవాళ్లకు ఇది ఇబ్బందే కాదు, జీన్సు నిక్కర్లతో వచ్చే పిల్లలకు తప్ప. అన్నం మీద బెంగ పడేవాళ్లకు మరియ మాత దేవాలయం దగ్గర్లోని పియాట్సా విట్టోరియో చుట్టూ భారతీయ, బంగ్లాదేశీ కొట్లున్నాయి.

గుంపుగా వెళ్లేటప్పుడు విచారణ గురువులను తోడు తీసుకెళ్లడం మంచిది. ఆయన తన మేత్రాణుల నుంచి గుర్తింపు పత్రం తెచ్చుకోవాలి. అది లేకపోతే పరాయి దేవాలయంలో పూజ చేయనివ్వకపోవచ్చు. పత్రం ఉండి, ముందుగా చోటు అడిగి పెట్టుకుంటే తెలుగులోనే పూజ చేసుకోవచ్చు. నాలుగు పెద్ద బసిలికాల్లో పాపసంకీర్తనం వినే గురువులు పలు భాషలవాళ్లు, ఎవరికి ఏ భాష వచ్చో పెట్టె మీద రాసి ఉంటుంది. ఇంగ్లీషు ఎప్పుడూ దొరుకుతుంది.

తెలుగువాళ్లకు ఇంకో దేవాలయం చూడతగ్గది ఉంది. ప్రతి కార్డినల్‌కూ రోమ్‌లో ఒక దేవాలయాన్ని ఆయన పేరున అప్పగిస్తారు. కర్నూలు జిల్లాలో పుట్టి, హైదరాబాదు అగ్రపీఠాధిపతి అయిన పూల అంతోనిగారిని 2022 ఆగస్టు 27న కార్డినల్ చేశారు. తెలుగువారిలో ఆయనే మొదటివారు, దళితుల్లోనూ ఆయనే మొదటివారు. ఆయనకు ఇచ్చింది వాటికన్‌కు పశ్చిమాన ఆరేలియా పాత రహదారి మీదున్న రోమ్ తొలి వేదసాక్షుల దేవాలయం. నీరో కాలంలో పేతురుతో పాటు చనిపోయిన పేరు తెలియని విశ్వాసుల పేరిట కట్టినది. 1960ల నాటి కట్టడం, టూరిస్టు పుస్తకాల్లో కనబడదు. తెలుగు బృందం వెళ్తే అక్కడ ఒక ఆదివారం పూజ వినడం బాగుంటుంది.

ఏజెంటు దగ్గరికి వెళ్లినప్పుడు మొదట ధర అడక్కండి. రోమ్‌లో ఎన్ని రాత్రులు, అందులో బుధవారం ఉందా, పౌలు దేవాలయం జాబితాలో ఉందా అని అడగండి. మూడింటికీ సరైన జవాబు రాకపోతే ఇంకో ఏజెంటును చూసుకోండి.