విమాన దూరం, ప్రయాణ కాలం: హైదరాబాదు నుంచి చికాగోకు

నరసరావుపేట నుంచి పిడుగురాళ్ల, దాచేపల్లి, మిర్యాలగూడ మీదుగా హైదరాబాదుకు రోడ్డు దూరం సుమారు 250 కి.మీ. గగనమార్గంలో కొలిస్తే సుమారు 210 కి.మీ. మాత్రమే. విమానానికి రోడ్డు వంపులు లేవు. మరి ఖండాలు దాటే ప్రయాణంలో తిన్నని దారి అంటే ఏది? 2021 జనవరిలో ఎయిరిండియా ప్రారంభించిన హైదరాబాదు–చికాగో విమాన మార్గాన్ని ఉదాహరణగా తీసుకుందాం.

1. దూరం

గోడపటంపై ఈ రెండు నగరాల మధ్య స్కేలుతో గీత గీస్తే, అది అరేబియా, ఉత్తర ఆఫ్రికా, అట్లాంటిక్ సముద్రం మీదుగా వెళుతుంది. ఆ దారి పొడవు దాదాపు 16,100 కి.మీ. ఇప్పుడు గ్లోబుపై అవే రెండు చోట్ల మధ్య దారం బిగించి చూడండి. దారం మధ్య ఆసియా, రష్యా, గ్రీన్‌లాండ్, కెనడా మీదుగా పోతుంది. ఈ దారి దాదాపు 13,280 కి.మీ. అంటే 2,800 కి.మీ. తక్కువ. భూమి గోళాకారంలో ఉండటమే దీనికి కారణం. గోళం కేంద్రాన్నే తన కేంద్రంగా గల వృత్తాన్ని మహావృత్తం అంటారు. గోళంపై రెండు స్థలాల మధ్య అతి దగ్గరి దారి మహావృత్తం వెంటే ఉంటుంది.

2. ప్రయాణ కాలం

గంటకు 900 కి.మీ. వేగంతో 13,280 కి.మీ. వెళ్లడానికి 14 గంటల 45 నిమిషాలు చాలాలి. కాని వాస్తవంలో 16 గంటలు దాటుతుంది. పైకి లేచేటప్పుడు, దిగేటప్పుడు వేగం తక్కువ. కొన్ని దేశాల గగనతలాన్ని తప్పించుకుని చుట్టూ తిరగాలి. ఎదురుగాలి కూడా వేగాన్ని తగ్గిస్తుంది. దారిలో దుబాయ్, దోహా వంటి చోట విమానం మారితే నిరీక్షణ సమయాన్నీ కలుపుకోవాలి.

3. గడియారం

టిక్కెట్టుపై ముద్రించేవి ఆయా ఊళ్ల స్థానిక సమయాలు. చలికాలంలో చికాగో మనకంటే 11 గంటల 30 నిమిషాలు వెనుక ఉంటుంది. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం వరకు అక్కడ గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు కాబట్టి తేడా 10 గంటల 30 నిమిషాలే.

జనవరిలో మీరు మధ్యాహ్నం 1 గంటకు బయలుదేరి, అదే రోజు సాయంత్రం 6 గంటలకు చికాగోలో దిగారనుకుందాం. ప్రయాణం 5 గంటలు కాదు; 5కు 11.30 కలపగా 16 గంటల 30 నిమిషాలు.

తిరుగు ప్రయాణంలో మరింత జాగ్రత్త అవసరం. చికాగోలో జనవరి 10 రాత్రి 9.30కు బయలుదేరిన విమానం 15 గంటల 30 నిమిషాలు ప్రయాణిస్తే, హైదరాబాదు చేరేది జనవరి 12న, అర్ధరాత్రి దాటాక 12.30కు. మాచర్ల నుంచి ఎదురెళ్లే కుటుంబం కారు మాట్లాడుకోవలసింది 11వ తేదీ సాయంత్రానికి. ‘12వ తేదీ రాత్రి’ అనుకుంటే, వచ్చినవారు విమానాశ్రయంలో దాదాపు ఒక రోజంతా ఎదురుచూడాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

చికాగోలోని ఒక విశ్వవిద్యాలయంలో దరఖాస్తుకు గడువు అక్కడి సమయం ప్రకారం డిసెంబరు 15 రాత్రి 11.59. గురజాలలోని విద్యార్థికి ఆ గడువు ఎప్పుడు ముగుస్తుంది?

జవాబు: డిసెంబరు 16 ఉదయం 11.29కు.