దాంపత్యము - జఠరాగ్ని

మా ఐ.పోలవరం మండలం మురమళ్ళ వీరేశ్వరస్వామి ఆలయంలో, పెళ్ళి కుదరాలని నిత్యకల్యాణం జరిపించుకునేవారు ఎందరో. పెళ్ళి అయిన పిమ్మట దంపతుల పొందిక దేహారోగ్యానికెంత అవసరమో ఆలోచించేవారు కొద్దిమందే. పథ్యమైన ఆహారాన్ని మితంగా భుజించినా, చింత, శోకం, భయం, క్రోధం ఆవరించినవేళ అది జీర్ణం కాదని చరకసంహిత విమానస్థానం తెలుపుతున్నది.

అమెరికాలో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంవారు 42 జంటల చేతులపై చిన్న పొక్కులు కల్పించి పరీక్షించి, 2005లో ఫలితాలు ప్రకటించారు. వైరభావంతో మాటలాడుకునే దంపతులలో గాయం మానే వేగం, సఖ్యంగా మెలగేవారిలో ఉన్నదానికి 60 శాతమే! కలహం తరువాత, గాయం మాన్పే రసాయనాలు అచ్చట చాలినంత చేరలేదట.

అజీర్తికి వాము, శొంఠి అడిగే గృహస్థులకు నేను ముందుగా చెప్పేది: భోజనవేళ డబ్బు తగవులు, పుట్టింటి దెప్పులు ఎత్తవద్దు. ఈ నియమం భార్యకెంతో భర్తకూ అంతే. ఆ మాటలు తాంబూలంవేళ నెమ్మదిగా మాట్లాడుకోండి.