మోనోపాడ్ కొంటున్నారా? హెడ్ విషయంలో ఈ పొరపాటు చేయొద్దు!

నంద్యాల జిల్లా యాగంటిలో కొండ గుహలు, కోనేరు, బసవన్న.. వీడియోలు తీసేవాళ్లకు పండగే. కానీ జనం మధ్య, గుహ మెట్ల మీద ట్రైపాడ్ పెట్టడం కష్టం. అక్కడ పనికొచ్చేది మోనోపాడే. మరి దానికి ఏ హెడ్ బిగించాలి?

బాల్ హెడ్: అన్ని వైపులా తిరుగుతుంది. లాక్ వదులైతే బరువైన కెమెరా ఒక్కసారిగా వాలిపోతుంది.

టిల్ట్ హెడ్: పైకీ కిందికీ వంగుతుంది. పక్కకు తిప్పాలంటే మోనోపాడ్‌నే తిప్పితే సరి. ఫొటోలకు, ఫోన్‌కు ఇది చాలు.

ఫ్లూయిడ్ హెడ్: మెట్ల కింది నుంచి గుహ దాకా కుదుపుల్లేకుండా మెల్లగా వీడియో తీయాలంటే ఇదే బెస్ట్. బరువు, ధర మాత్రం ఎక్కువ.

కెమెరా, లెన్స్ కలిపిన బరువును హెడ్ మోయగలదా, స్క్రూ 1/4 అంగుళమా, 3/8 అంగుళమా చూసుకునే కొనండి. ఆలయంలో అనుమతి ఉన్నచోటే షూట్ చేయండి.