గుడ్లు మిగిలిపోతే

కోళ్లు పెట్టే గుడ్లకూ ఇంట్లో తినే గుడ్లకూ లెక్క ఎప్పుడూ కుదరదు. నాటుకోడి పెట్ట వరసగా పది, పన్నెండు గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. ఆ తర్వాత కొన్ని వారాలపాటు గంపలో గుడ్డే ఉండదు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం రూపొందించిన వనరాజ, గ్రామప్రియ రకాలు నాటుకోడి కంటే చాలా ఎక్కువ గుడ్లు పెడతాయి. అలాంటి పెట్టలు అరడజను ఉన్న ఇంట్లో తినగా మిగిలేవి రోజూ పోగుపడుతూనే ఉంటాయి. ఫారాల్లో ఇదే చిక్కు పెద్ద ఎత్తున కనిపిస్తుంది. గుడ్ల ఉత్పత్తిలో దేశంలో ముందున్న ఆంధ్రప్రదేశ్‌లో, గోదావరి జిల్లాల నుంచి గుడ్ల లారీలు నిత్యం బెంగాల్, ఒడిశా, అస్సాం వైపు వెళ్తుంటాయి. శ్రావణం, కార్తీకం వచ్చేసరికి చాలా ఇళ్లలో గుడ్డు, మాంసం మానేస్తారు. కొనేవాళ్లు తగ్గి ధర పడిపోయినా, పెట్టలు గుడ్లు పెట్టడం మాత్రం ఆగదు.

మిగిలిన గుడ్లను ఏ పద్ధతిలో దాచాలో తేల్చుకోవాలంటే, గుడ్డు ఎలా పాతబడుతుందో ముందు తెలియాలి. పెంకు చూడటానికి గట్టిగా, మూసుకుపోయినట్టు ఉంటుంది గానీ, దానికి వేల సంఖ్యలో కంటికి కనపడని రంధ్రాలు ఉంటాయి. పొదిగేటప్పుడు లోపలి పిల్లకు గాలి అందేది వాటి గుండానే. గుడ్డు పెట్టిన క్షణం నుంచి ఆ రంధ్రాల్లోంచి నీటి ఆవిరి, బొగ్గుపులుసు వాయువు బయటికి పోతుంటాయి. నీరు తగ్గేకొద్దీ గుడ్డు మొద్దు వైపున ఉండే గాలి అర పెరుగుతుంది. వాయువు పోయేకొద్దీ తెల్లసొనలో క్షారగుణం పెరిగి, పచ్చసొన చుట్టూ ముద్దలా ఉండే చిక్కటి సొన పలచబడుతుంది. పచ్చసొన పొర బలహీనపడి, పెనం మీద కొట్టగానే చితికిపోతుంది. ఈ మార్పులను చెడిపోవడమని అనుకోకూడదు, ఇది వయసు మీద పడటమే. ఉడకబెట్టిన గుడ్డుకు పెంకు సాఫీగా ఊడిరావాలంటే వారం, పది రోజుల గుడ్డే మేలు. ఆ రోజు పెట్టిన గుడ్డును ఉడికిస్తే పెంకుతోపాటు తెల్లసొన ముక్కలు ముక్కలుగా ఊడివస్తుంది.

చెడిపోవడం సూక్ష్మజీవుల పని. వాటిని అడ్డుకునే ఏర్పాట్లు గుడ్డులోనే ఉన్నాయి. పెట్ట గుడ్డు పెట్టేటప్పుడు పెంకు మీద పలచని తడి పూత ఒకటి వస్తుంది. అది కొద్దిసేపట్లోనే ఆరి రంధ్రాలను కప్పేస్తుంది. దాన్ని దాటి లోపలికి వచ్చిన బాక్టీరియాను తెల్లసొనలోని లైసోజైమ్ దెబ్బతీస్తుంది. మరో ప్రొటీన్, సూక్ష్మజీవులు పెరగడానికి కావలసిన ఇనుమును వాటికి దొరక్కుండా పట్టి ఉంచుతుంది. అందుకే నిల్వ చేయాలనుకున్న గుడ్డును కడగకూడదు. కడిగితే ఆ పూత పోతుంది. చన్నీళ్లతో కడిగితే ఇంకా నష్టం. గుడ్డు లోపలి పదార్థం చల్లబడి కుంచించుకుపోయి, పైనున్న మురికినీటిని రంధ్రాల గుండా లోపలికి లాగుతుంది. రెట్ట అంటిన గుడ్లను పొడిగుడ్డతో తుడిచి ముందుగా వాడేయాలి. బాగా మురికైనవాటిని గుడ్డు కంటే కాస్త వెచ్చగా ఉన్న నీటితో కడిగి, ఆరబెట్టి, ఫ్రిజ్‌లో పెట్టుకుని త్వరగా వండుకోవాలి. గూటిలో ఎండుగడ్డి శుభ్రంగా ఉండేలా చూసి, రోజుకు రెండుసార్లు గుడ్లు తీసుకుంటే ఈ బెడదలో చాలాభాగం పుట్టకముందే పోతుంది.

పుంజు ఉన్న ఇళ్లలో మరో సంగతి గుర్తుంచుకోవాలి. పొదిగే వేడి 37.5 డిగ్రీలే అయినా, పిండం ఎదుగుదల మొదలవడానికి అంత వేడి అక్కర్లేదు. 21 డిగ్రీలు దాటితే చాలు, నెమ్మదిగా మొదలవుతుంది. మన వేసవిలో ఇంటి లోపలే 35 డిగ్రీలు ఉంటుంది. పుంజు కలిసిన గుడ్లను బయట వదిలేస్తే రెండు, మూడు రోజుల్లోనే లోపల నెత్తుటి చారలు కనబడవచ్చు. పిల్లలు చేయించే ఉద్దేశం లేనప్పుడు పుంజును వేరుగా ఉంచడం నిల్వకు అన్నిటికన్నా చవకైన ఉపాయం. ఇంత ముఖ్యమైన విషయం పెరటి కోళ్ల గురించి చెప్పేటప్పుడు తరచూ మరుగున పడిపోతుంది.

ఫ్రిజ్‌లు రాకముందు మనుషులు చేసిన ప్రయత్నాల్లో చాలావరకు ఒకే దారిన సాగాయి: ఎలాగైనా పెంకు రంధ్రాలను మూసేయడం. తవుడులోనో ఊకలోనో బూడిదలోనో గుడ్లు తగలకుండా పేర్చడం వాటిలో తేలికైనది. దానివల్ల పగలడం తగ్గుతుంది, ఎండవేడి నేరుగా తగలదు. అంతకుమించి పెద్దగా ఆశించకూడదు. నూనె పూత అంతకంటే మెరుగు. గుడ్డు పెట్టిన కొద్ది గంటల్లో, ఇంకా వాయువు ఎక్కువగా పోకముందే, వాసన లేని నూనె పలచగా రాస్తే తెల్లసొన చాలాకాలం బిగువుగా ఉంటుంది. ఆలస్యంగా రాసిన నూనె వల్ల ప్రయోజనం సగమైనా ఉండదు. ఎందుకంటే ఎక్కువ వాయువు పోయేది మొదటి ఒకటి, రెండు రోజుల్లోనే.

సున్నంతో నిల్వ చేయడం మన దేశంలో కోళ్ల పెంపకందారులకు నేర్పిన పద్ధతి. కిలో కాల్చిన సున్నానికి లీటరు మరిగే నీళ్లు పోసి చల్లారనిస్తారు. దానికి ఐదు లీటర్ల నీళ్లు, పావుకిలో ఉప్పు కలిపి రెండు, మూడు రోజులు కదలకుండా ఉంచుతారు. పైన తేరిన తేటను గుడ్డలో వడకట్టి, అందులో గుడ్లను 14 నుంచి 18 గంటలపాటు ముంచి, తీసి ఆరబెడతారు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి, పెంకులో ఉన్న పదార్థంగానే మారి రంధ్రాల్లో పేరుకుంటుంది. ఇలాంటి గుడ్లు బయటే మూడు, నాలుగు వారాలు నిలుస్తాయని చెబుతారు. ఈ పని చేసేటప్పుడు కళ్లకూ చేతులకూ రక్షణ ఉండాలి. కాల్చిన సున్నం మీద నీళ్లు పడగానే భగ్గున వేడి పుట్టి చిమ్ముతుంది.

ఐరోపా, అమెరికాల్లో 20వ శతాబ్దం మొదటి సగంలో సోడియం సిలికేట్ ద్రావణం ఇంటింటా వాడుకలో ఉండేది. ఒక వంతు సిలికేట్‌కు తొమ్మిది, పది వంతుల కాచి చల్లార్చిన నీళ్లు కలిపి, వసంతంలో పోగైన గుడ్లను జాడీలో ముంచి నేలమాళిగలో పెట్టేవారు. ఆ ప్రాంతాల్లో చలికాలం పగటి వెలుగు బాగా తగ్గి కోళ్లు గుడ్లు పెట్టడం మానేస్తాయి. అందుకని వసంతపు గుడ్లతోనే చలికాలం గడపాలి. ఇలా దాచినవాటిని ఉడికించేముందు సూదితో పొడవాలి. లేకపోతే లోపలి గాలికి బయటికి పోయే దారి లేక పెంకు పగులుతుంది. ఈ పద్ధతి అక్కడ నెలల తరబడి పనిచేసిందంటే అందులో సగం ఘనత ఆ నేలమాళిగల చలికే దక్కాలి. కోస్తాలోనో తెలంగాణలోనో మే నెల వేడిలో అదే జాడీని వంటింటి మూల పెట్టి అదే ఫలితం ఆశించడం ప్రమాదం. పైగా, పెట్ట శరీరంలోనే గుడ్డులోకి చేరే సాల్మొనెల్లా బాక్టీరియా ఒకటుంది. పెంకును ఎంత బాగా మూసినా దాన్ని ఆపలేం. దాన్ని అదుపులో ఉంచేది చల్లదనం, చంపేది బాగా ఉడికించడం.

కాబట్టి కరెంటు ఉన్న ఇంటికి ఫ్రిజ్‌ను మించిన దారి లేదు. నాలుగైదు డిగ్రీల చలిలో గుడ్లు మూడు నుంచి ఐదు వారాలు బాగుంటాయి. మొనదేరిన వైపు కిందికి ఉండేలా పెడితే గాలి అర పైనే ఉండి, పచ్చసొన దాన్ని తాకకుండా మధ్యలో నిలుస్తుంది. ఫ్రిజ్ తలుపులో గుడ్ల కోసమే గుంతలు చేసి ఇస్తారు గానీ, తెరిచినప్పుడల్లా వేడిగాలి తగిలేది అక్కడే. లోపలి అరలో మూతడబ్బా మేలు. ఒకసారి చలిలో పెట్టిన గుడ్లను బయట వదిలేయకూడదు. పెంకు మీద చెమ్మ పట్టి, ఆ తడితోపాటు బాక్టీరియా లోపలికి పోతుంది. పెన్సిలుతో పెంకు మీద తేదీ రాసుకుంటే ఏది ముందు వాడాలన్న సందేహం రాదు. తేదీ లేని గుడ్డును నీళ్లలో వేసి చూడవచ్చు. కొత్తది అడుగున పడుకుంటుంది, పాతది నిలబడుతుంది, మరీ పాతది తేలుతుంది. అయితే ఈ పరీక్ష చెప్పేది గాలి అర ఎంత పెరిగిందన్నది మాత్రమే. మునిగిన గుడ్డు ఆరోగ్యకరమని అది హామీ ఇవ్వదు. వాడేముందు విడిగా ఒక గిన్నెలో కొట్టి వాసన చూడటం ఎప్పటికీ మంచి అలవాటే.

నెల దాటి దాచాలంటే పెంకు పగలగొట్టి ఫ్రీజర్‌లో పెట్టడమే మార్గం. పెంకుతో పెడితే లోపలి నీరు గడ్డకట్టి ఉబ్బి పెంకు చిట్లుతుంది. తెల్లసొన ఒక్కటే అయితే ఏమీ కలపకుండా పెట్టేయవచ్చు. కరిగాక కూడా బాగా నురుగు వస్తుంది. మొత్తం గుడ్డు అయితే నురుగు రాకుండా మెల్లగా గిలకొట్టాలి. చిక్కంతా పచ్చసొనతోనే. గడ్డకట్టినప్పుడు దానిలోని కొవ్వు, ప్రొటీన్ల కూర్పు దెబ్బతిని, కరిగించినా జిగురుముద్దగానే మిగిలిపోతుంది. నాలుగు పచ్చసొనలకు చిటికెడు ఉప్పు గానీ, ఒకటిన్నర చెంచాల చక్కెర గానీ కలిపితే ఆ జిగురు తగ్గుతుంది. డబ్బా మీద ఉప్పా, చక్కెరా అన్నది రాసుకోవడం అవసరం. తియ్యటి సొన పులుసులో పడితే కూర పాడవుతుంది. ఐసు ట్రేలో పోసి గట్టిపడ్డాక సంచిలోకి మార్చుకుంటే కావలసినంతే తీసుకోవచ్చు. గిలకొట్టిన సొన మూడు పెద్ద చెంచాలు ఒక గుడ్డుతో సమానం. సున్నాకు దిగువన 18 డిగ్రీల చలిలో ఇది ఏడాది వరకూ నిలుస్తుంది. కరిగించడం మాత్రం ఫ్రిజ్‌లోనే జరగాలి, కరిగినదాన్ని ఆ రోజో మర్నాడో బాగా వండేయాలి. ఉడికిన గుడ్లు ఫ్రీజర్‌కు పనికిరావు, తెల్లసొన రబ్బరులా సాగుతుంది. పెంకుతో ఉన్న ఉడికిన గుడ్లు ఫ్రిజ్‌లో వారం నిలుస్తాయి.

నిల్వ పచ్చళ్ల మీద తెలుగువాళ్లకున్న మక్కువ గుడ్డునూ వదల్లేదు. ఉడికించి, నూనెలో వేయించి, కారం, ఆవపిండి, ఉప్పు, నిమ్మరసం కలిపి చేసే కోడిగుడ్డు పచ్చడి రుచిలో మాంసం పచ్చడికి తీసిపోదు. కానీ దాన్ని ఆవకాయలా ఏడాదిపాటు జాడీలో ఉంచవచ్చనుకోవడం పొరపాటు. ఆవకాయను కాపాడేది ఉప్పుతోపాటు మామిడిలో సహజంగా ఉన్న పులుపు. గుడ్డులో పులుపు లేదు. పైన తేలే నూనె గాలిని అడ్డుకోవడంతో, గాలి లేనిచోట పెరిగే బొటులినమ్ బాక్టీరియాకు లోపలి పచ్చసొన అనువైన చోటవుతుంది. 1997లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ఒక వ్యక్తి ఇంట్లో సిర్కాలో ఊరబెట్టిన గుడ్లు తిని ఆ బాక్టీరియా విషప్రభావానికి గురయ్యాడు. ఊరడం కోసం గుడ్లను పుల్లతో పొడిచి, జాడీని ఫ్రిజ్‌లో కాకుండా బయట ఉంచారు. గుడ్డు పచ్చడి అయినా, సిర్కా గుడ్లయినా ఫ్రిజ్‌లోనే ఉంచి, తక్కువ మోతాదులో చేసి, కొద్ది రోజుల్లో తినేయాలి.

ఉప్పులో ఊరబెట్టడంలో ఆరితేరింది చైనా, ఆగ్నేయాసియా దేశాలు. అక్కడ ఎక్కువగా బాతు గుడ్లను వాడతారు. వాటి పచ్చసొన పెద్దది, కొవ్వు ఎక్కువ. చిక్కటి ఉప్పునీళ్లలో పచ్చి గుడ్లను పెంకుతోనే నెల రోజులు ఉంచితే ఉప్పు రంధ్రాల్లోంచి లోపలికి పోయి, పచ్చసొనలోని నీటిని బయటికి లాగుతుంది. అది గట్టిపడి, ఎర్రటి నారింజరంగుకు మారి, కోస్తే నూనె ఊరుతుంది. తెల్లసొన మాత్రం విపరీతంగా ఉప్పెక్కుతుంది. ఇవి పచ్చివే కాబట్టి ఉడికించి తినాలి. అన్నంలోకి నంజుకోవడానికి అరగుడ్డు చాలు. కోతలయ్యాక వరిచేలల్లో బాతుల మందలను మేపే కృష్ణా, గోదావరి డెల్టాల్లో బాతు గుడ్లకు కొదవ లేదు. అక్కడ ఈ ఉప్పుగుడ్డుకు చోటు దక్కకపోవడం విచారించదగ్గదే.

దాచడం కంటే ఒకేసారి ఎక్కువ గుడ్లు పట్టే వంట చేయడం కొన్నిసార్లు తెలివైన పని. పులుసు, పొరటు రోజువారీవే గానీ వాటిలో మనిషికి ఒకటీ రెండూ మించవు. హైదరాబాదీ వంటకం అండే కీ పియోసీలో గుడ్లు, కోవా, బాదం, నెయ్యి, చక్కెర, కుంకుమపువ్వు కలిపి నెమ్మదిగా కాల్చి ముక్కలు కోస్తారు. డజనుకు పైగా గుడ్లను అది ఇట్టే ఇముడ్చుకుంటుంది. నీరు ఇంకిపోయి చక్కెర, నెయ్యి పట్టడంతో మామూలు గుడ్డు వంటకాలకన్నా ఎక్కువ రోజులు నిలుస్తుంది కూడా.

టన్నుల కొద్దీ మిగులును సర్దడానికి మాత్రం పరిశ్రమకు ముఖ్యమైన దారులు రెండు: శీతల గిడ్డంగి, గుడ్డు పొడి. సున్నా డిగ్రీలకు దగ్గరగా, తగినంత తేమతో ఉంచిన గిడ్డంగుల్లో పెంకుగుడ్లు నెలల తరబడి ఆగుతాయి. పొడికైతే గిలకొట్టిన సొనను వేడిగాలిలోకి సన్నటి తుంపరలుగా చిమ్ముతారు. అంతకుముందే సొనలో సహజంగా ఉన్న కొద్దిపాటి గ్లూకోజును తీసేస్తారు. లేదంటే అది ప్రొటీన్లతో కలిసి నిల్వలో పొడిని గోధుమరంగుకు తిప్పి, రుచి చెడగొడుతుంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో, 1942 నుంచి, బ్రిటన్ ఇళ్లకు డజను గుడ్లకు సమానమైన పొడి డబ్బాల్లో అందింది. ఇప్పుడు బిస్కెట్లు, కేకులు, మయొనైజ్ చేసే పరిశ్రమలు దీన్ని వాడుతున్నాయి. ఇంట్లో ఎండలోనో ఓవెన్‌లోనో పచ్చి సొనను ఆరబెట్టి పొడి చేసుకోవడం మాత్రం మానుకోవాలి. ఆరే గంటలన్నీ సొన గోరువెచ్చగానే ఉంటుంది, సాల్మొనెల్లా పెరగడానికి కావలసింది సరిగ్గా అదే వేడి. కొన్న పొడిని కూడా నీళ్లలో కలిపాక పగలగొట్టిన గుడ్డులాగే చూసుకుని వెంటనే వండాలి.